అమ్మమ్మను కన్నతల్లి పేరేమిటి?



మీ అమ్మమ్మను కన్నతల్లి పేరేమిటో చెప్పగలరా? నాన్నగారి తాతగారి పేరడిగితే చాలామంది తడుముకోకుండానే చెబుతారు. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి అంటూ మూడు తరాల మగవాళ్ళ పేర్లు పురోహితుడు పైకి చదువుతాడు. ఇంటిపేరుంది, పొలం కాగితాలున్నాయి. అటువైపు దారి ఎలాగోలా దొరుకుతుంది. అమ్మ వాళ్ళమ్మ, ఆవిడ వాళ్ళమ్మ అంటూ వెనక్కి వెళ్తే మాత్రం రెండో మెట్టు మీదో మూడో మెట్టు మీదో ఆగిపోతాం. తరతరానికీ ఇంటిపేరు మారిపోయింది. అత్తగారి పేరే కోడలికీ ఉంటే పిలిచే పేరు కూడా మార్చేసేవాళ్ళు. ఇక అప్పటినుంచీ ఆవిడ చిన్నమ్మాయి, పెద్దకోడలు, ఫలానా వారి తల్లి. అసలు పేరు ఎవరి నోటా ఉండదు.

పాత ఫొటోలతో, పాత పత్రికలతో కుటుంబ చరిత్ర వెతుక్కోవడం గురించి ఈ పూట మాట్లాడతాను. ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే. ఆ పేరు తెలియని ఆవిడ దగ్గర మొదలుపెట్టండి. తాతగారి పేరు రిజిస్ట్రారు ఆఫీసులో ఇంకో యాభై ఏళ్ళ తర్వాతైనా దొరుకుతుంది. ఆవిడ పేరు మీ ఇంట్లో ఉన్న ఎనభై ఏళ్ళ మనిషి జ్ఞాపకంలోనే ఉంది. చాలా ఇళ్ళలో ఆవిడ ఈ భూమ్మీద బతికిందనడానికి ఒక్క ఫొటోయే సాక్ష్యం.

ముందు ఆ ఫొటోను గోడ మీద నుంచి దించండి. వెనక్కి తిప్పండి. పాతకాలపు పటాలు కట్టేవాళ్ళు అద్దం, ఫొటో, దాని వెనక ఒక అట్ట పెట్టి, లోపలికి దుమ్ము చేరకుండా పాత పేపరు అంటించి, చిన్న మేకులు కొట్టేవాళ్ళు. ఆ పేపరు ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. దాన్ని చింపి పారెయ్యకండి. అందులో తేదీ ఉండొచ్చు, తేదీ లేకపోయినా ఏదో ఒక వార్త ఉంటుంది, ఒక సినిమా ప్రకటన ఉంటుంది. ఆ పటం అంతకు ముందు కట్టింది కాదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఫొటో మాత్రం అంతకు చాలా ఏళ్ళ ముందుదే కావచ్చు. తీయించిన రోజున అట్ట మీద అంటించి ఇచ్చిన బొమ్మ పెట్టెలో ఉండిపోయి, ఆ మనిషి పోయాక గోడెక్కిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇంకొక మాట. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి. పైపొర ఊడి అద్దంతో వచ్చేస్తుంది. అలాగే ఉంచి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి, దాని ఫొటో తీసుకోండి.

తర్వాత అట్ట అంచులు చూడండి. కింద కుడిమూలనో వెనకనో స్టూడియో పేరు, ఊరు అచ్చొత్తి ఉంటాయి. ఇది చాలా విలువైన సమాచారం. మనిషి ఎక్కడ తిరిగాడో స్టూడియో ఊరు చెబుతుంది. సికిందరాబాదులో లాలా దీన్‌దయాళ్ స్టూడియో ఉండేది. నిజాంకు ఆస్థాన ఛాయాగ్రాహకుడు ఆయన. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసేది కూడా ఒక స్త్రీయే. ఇక శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా చాలా ఇళ్ళలో ఫొటో వెనక రంగూన్ అని ముద్ర కనిపిస్తుంది. కోరంగి నుంచీ కాకినాడ నుంచీ ఓడెక్కి బర్మాలో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు తీయించుకుని ఇంటికి పంపిన ఫొటోలవి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. కొండలూ అడవులూ దాటుతూ కాలినడకన వచ్చినవాళ్ళ చేతుల్లో పటాలు ఏం మిగులుతాయి? కాబట్టి మీ ఇంట్లో ఉన్న రంగూన్ ఫొటో ఆ నడకకు ముందే తపాలాలో చేరిందై ఉండవచ్చు. అది ఎవరికి వచ్చిందో కనుక్కోండి. దాన్ని దాచుకున్న మనిషి ఎవరో కూడా చరిత్రే.

ఇక ఫొటోలోపలికి. మగవాళ్ళ తలమీద చూడండి. తలపాగా ఉందా, గాంధీ టోపీ ఉందా? ఆ టోపీ జనంలోకి వచ్చింది 1920, 21 సహాయనిరాకరణ రోజుల్లో. టోపీ ఉంటే ఫొటో అంతకన్నా పాతది కాదు. జంధ్యం కుడి భుజం మీద కనిపిస్తే తొందరపడి ఏదో నిర్ణయానికి రాకండి. గాజు నెగెటివును తిరగేసి అచ్చు వేస్తే ఎడమ కుడి అవుతుంది. పైట కూడా అంతే, అయితే కుడిపైట వేసుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి గనక పైట ఒక్కటే చూసి తేల్చడానికి లేదు. చొక్కా బొత్తాలు, దుకాణం బోర్డు మీది అక్షరాలు ఉంటే సులువు. వెనక తెర మీద రాసిన స్తంభాలు, పూలకుండీ, చెక్కిన చేతులున్న కుర్చీ రెండు ఫొటోల్లో ఒకటే అయితే, అవి ఒకే స్టూడియోవని చెప్పొచ్చు. ఒక్కో ఫొటోలో ఒక మనిషి మిగతావాళ్ళకన్నా కొంచెం తెల్లగా, అంచులు కత్తిరించినట్టు ఉంటాడు. అప్పటికే పోయిన మనిషిని వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించమని ఇంటివాళ్ళు అడిగితే స్టూడియోవాళ్ళు చేసిన పని అది. దాన్ని మోసమనుకోవద్దు. ఆ కుటుంబం ఎవర్ని వదులుకోలేకపోయిందో ఆ అతుకు చెబుతుంది.

ఆడవాళ్ళ దగ్గరికి వస్తే, ముఖం కన్నా ముందు నగలు చూడమంటాను. పొలం తండ్రినుంచి కొడుక్కి వెళ్ళింది, ఇంటిపేరు కొడుక్కి వెళ్ళింది. నగ మాత్రం తల్లినుంచి కూతురికి వెళ్ళింది. కాసులపేరు, వడ్డాణం, వంకీ, నాగరం, ఇవి నడిచిన దారే ఆడవాళ్ళ వంశవృక్షం. అందుకే పెద్దావిడకు ఫొటో చూపించి ఈవిడెవరు అని అడిగితే, ఏమో నాకు తెలియదమ్మా అనొచ్చు. ఈ కాసులపేరు ఎవరికి పెట్టారు అని అడగండి. చెరిపించి ఎవరికేం చేయించారో, ఎవరికి తక్కువ పెట్టారని గొడవైందో, ఏ కరువులో ఏ షావుకారు దగ్గర తాకట్టుకు వెళ్ళిందో, మొత్తం బయటికి వస్తుంది. ఆ మాటల్లో మీకు కావలసిన పేరు దానంతటదే వస్తుంది.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మాది గుంటూరు జిల్లా. మా అమ్మమ్మ వాళ్ళమ్మ, గాంధీగారు వచ్చినప్పుడు చేతి వంకీ తీసి జోలెలో వేసేసిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. గాంధీగారు మావైపు ఒక్కసారి కాదు వచ్చింది. 1921లో వచ్చారు, 1929లో ఖద్దరు నిధికి వచ్చారు, 1933 డిసెంబరులో హరిజన యాత్రలో వచ్చారు. ఏ రాకలో ఇచ్చింది? దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఫొటోలు తప్ప.

మొదటి ఫొటోలో ఆవిడ కూర్చుని ఉంది. చేతికి వంకీ స్పష్టంగా ఉంది. పక్కన కుర్చీ పట్టుకుని నిలబడ్డ పిల్ల మా అమ్మమ్మ. అది తనేనని ఆవిడ బతికున్నప్పుడే చెప్పింది. అమ్మమ్మ జాతకచక్రం ఇంట్లో ఉంది. రక్తాక్షి నామ సంవత్సరం, వైశాఖ మాసం. అంటే 1924 మే. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి 1864 కావచ్చు, 1984 కావచ్చు, కానీ ఇక్కడ ఆ అనుమానం అక్కర్లేదు. ఫొటోలో పిల్లకు మూడు నిండాయి, నాలుగు దాటలేదు. అంటే 1927 గానీ 28 గానీ. అప్పటికి వంకీ చేతికే ఉంది, కాబట్టి 1921 కాదు. రెండో ఫొటో ఆవిడ తమ్ముడి పెళ్ళిది. శుభలేఖ దొరికింది, ఆంగీరస వైశాఖం. 1932. అందులో ఆవిడ చేతికి వంకీ లేదు. అంటే 1933 కూడా కాదు. మిగిలింది 1929.

ఇక్కడితో ఆగి చప్పట్లు కొట్టుకోవచ్చు, కానీ అలా ఆగకూడదు. 1929 తర్వాత ప్రపంచమంతటా మాంద్యం వచ్చింది. ధాన్యం ధర పడిపోయింది. డెల్టాలో ఎందరో నగలు తాకట్టు పెట్టారు. 1932 ఫొటోలో వంకీ లేకపోవడానికి అదీ కారణం కావచ్చు. ఇక్కడే పత్రిక కావాలి.

1929 ఏప్రిల్, మే నెలల పత్రికలు తిరగేశాను. గాంధీగారు ఆ పర్యటనలో ఊరూరా వచ్చిన విరాళాల లెక్కను తన యంగ్ ఇండియా పత్రికలోనే ఊళ్ళ పేర్లతో అచ్చు వేయించేవారు. పైసా లెక్క కూడా ప్రజలకు చెప్పాలన్నది ఆయన పట్టుదల. మా ఊరి చుట్టుపక్కల ఊళ్ళు అందులో ఉన్నాయి. తెలుగు పత్రికల్లో స్త్రీల సభలు, స్త్రీలు నగలిచ్చిన వార్తలు ఉన్నాయి. మా ముత్తవ్వ పేరు లేదు. ఉంటుందని ఆశపడ్డ మాట నిజమే. స్త్రీలు నగలు ఇచ్చారు అన్న వాక్యంలో ఆవిడ ఉందో లేదో ఏ పత్రికా చెప్పదు. ఇంట్లో మాట నిజం కావడానికి అవకాశం బలంగా ఉంది, అంతే. నా కాగితాల్లో అలాగే రాసి పెట్టుకున్నాను.

ఆవిడ పేరు మాత్రం పత్రికలో కాదు, పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన ఎకరం చిల్లర భూమి దస్తావేజులో దొరికింది. ఆవిడ పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, భర్త పేరు అన్నీ వరసగా. మీ ఇళ్ళలో ఇనప్పెట్టె అడుగున అటువంటి కాగితం ఉంటే ముందు దాన్ని చదవండి. ఆడపిల్లకు తనదంటూ భూమి ఉన్నచోటే సర్కారు ఆమె పేరు రాసుకుంది. ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు పత్రికల సంగతి. ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులుగా ఏళ్ళ తరబడి నడిపిన కృష్ణాపత్రిక 1902లో బందరులో పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. నెల్లూరుకు జమీన్ రైతు ఉంది. హైదరాబాదు రాజ్యానికి సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక, 1926 మే 10న మొదలైంది. ఆడవాళ్ళ పేర్లు కావాలంటే హిందూసుందరి, గృహలక్ష్మి వంటి స్త్రీల పత్రికలు చూడండి. వ్యాసం రాసిన ఆవిడ పేరు, ఊరు, స్త్రీ సమాజాల కార్యదర్శుల పేర్లు కనబడతాయి. అక్కడ వాళ్ళు ఎవరి భార్యగానో కాకుండా తమ పేరుతోనే ఉంటారు.

ఇవి ఎక్కడ దొరుకుతాయంటారా? చీరాల పక్కన వేటపాలెంలో 1918 నుంచీ ఉన్న సారస్వత నికేతనం పాత పత్రికల సంచికలను కట్టలు కట్టి కాపాడింది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. హైదరాబాదులో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రెస్ అకాడమీ ఎన్నో పాత పత్రికలను స్కాన్ చేయించింది. అయితే స్కాన్ చేసిన పుటలు బొమ్మలే. పేరు టైపు చేస్తే వెతికిపెట్టే సదుపాయాన్ని పాత తెలుగు అచ్చు మీద నమ్ముకోవడానికి లేదు. పుట తిప్పాల్సిందే. అందుకే ముందు ఫొటో దగ్గర అంతసేపు కూర్చోమన్నాను. ఫొటో మీకు సంవత్సరం చెబితే దినపత్రికలో మూడువందలకు పైగా సంచికలు చూడాలి, నెల చెబితే ముప్ఫై చాలు.

పుట తిప్పేటప్పుడు పెద్ద వార్తలు వదిలేయండి. మన పెద్దవాళ్ళు మొదటి పుటలో ఉండరు. లోపల చిన్న అచ్చులో ఉంటారు. ఊరి విలేఖరులు రాసిన ఉత్తరాల్లో, విరాళాల పట్టికల్లో, కోర్టు వేలం నోటీసుల్లో. మా అబ్బాయి ఇల్లు విడిచి వెళ్ళాడు, ఆచూకీ చెప్పినవారికి దారిఖర్చులిస్తాం అన్న ప్రకటనల్లో. నా కుమారుడు చేసే అప్పులతో నాకు సంబంధం లేదు అని తండ్రి వేయించిన ప్రకటనల్లో. 1922 తొలి నెలల సంచికల్లో పెదనందిపాడు ప్రాంతపు పన్నుల నిరాకరణ వార్తలుంటాయి. పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వంలో జరిగిన ఆ ఉద్యమంలో గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. మీ వాళ్ళలో కరణమో మునసబో ఉండి ఉద్యోగం ఎందుకు మానేశాడో తెలియకపోతే ఆ నెలలు చూడండి. 1930 ఉప్పు సత్యాగ్రహం తర్వాతి అరెస్టుల వార్తలూ అలాగే చూడండి.

జిల్లాల విషయంలో జాగ్రత్త. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. తణుకు, భీమవరం ఆ ఏడే గోదావరి జిల్లానుంచి కృష్ణాలోకి వెళ్ళి, 1925లో పశ్చిమ గోదావరి వచ్చేదాకా అక్కడే ఉన్నాయి. 1915లో భీమవరం మనిషి వార్త కృష్ణాజిల్లా కింద ఉంటుంది. తెలంగాణ కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపండి, దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తెలంగాణవాళ్ళు ఇంకో పుస్తకం తప్పక చూడాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్నమాటకు జవాబుగా ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. అంతకు ముందు ఎప్పుడూ అచ్చులో పేరు కనబడని పల్లెటూరి మనుషులు ఎందరో అందులో ఉన్నారు. మీ ముత్తాత పద్యాలు రాసేవాడట అని ఇంట్లో మాట ఉంటే, అక్కడ వెతకండి.

నేను ఇప్పటిదాకా మాట్లాడింది ఫొటో తీయించుకోగలిగినవాళ్ళ గురించి. ఆనాడు పత్రికకెక్కిన పేర్లు చాలావరకు భూమీ చదువూ ఉన్నవాళ్ళవి. దళిత కుటుంబాల్లో, కూలికి వెళ్ళిన కుటుంబాల్లో గోడ మీద పటం లేదు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు, వేరేచోట ఉంది. దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మగారు 1917లో బెజవాడలో జరిగిన దళితుల సభకు అధ్యక్షత వహించారు, 1931లో భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టారు. ఆది హిందువులమని చెప్పుకున్న దళితుల సభలు, బడులు, మనుషులు ఆ పుటల్లో కనిపిస్తారు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్ళలో చాలామంది మాదిగలు. మిషన్ రాతల్లో, మిషన్ బడుల ఫొటోల్లో వాళ్ళ పిల్లలున్నారు. మన తీరం నుంచి 1860 తర్వాత దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరకు తోటల్లో పనికి ఓడల్లో వెళ్ళినవాళ్ళకు పట్టికలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఒంటిమీది మచ్చలు సహా రాసుకున్నారు. మారిషస్ వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఫొటోలే తీశారు. ఆ ఫొటోలు అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. కూలీలను గుర్తుపట్టడానికి, అదుపులో ఉంచడానికి తీసిన ఫొటోలవి. ఇవాళ అక్కడి తెలుగువాళ్ళు తమ ముత్తవ్వ ముఖం చూసుకోవడానికి వాటి దగ్గరికే వెళ్తున్నారు. మన వైపు, మా ఊరినుంచి ఒకాయన ఓడెక్కి పోయాడట, మళ్ళీ రాలేదట అన్న మాట ఏ ఇంట్లో ఉన్నా ఆ మాటను రాసి పెట్టండి. సముద్రానికి అవతల ఎవరో అదే ఊరి పేరు పట్టుకుని వెతుకుతుండవచ్చు.

చివరగా, చేతిపని గురించి రెండు మూడు మాటలు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, అక్షరాలు ముందువైపుకు ఉబ్బుతాయి. మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. లామినేషన్ చేయించకండి. జిగురు పుటలుండే ఆల్బముల్లో ఉన్న ఫొటోలు తేలిగ్గా వచ్చేవైతే ఇప్పుడే తీసి కాగితపు కవర్లలో పెట్టండి. పేర్లు రాసేటప్పుడు ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. ఖాయంగా తెలిసింది ఒకవైపు, అనుకున్నది ఇంకోవైపు రాయండి. ఆడవాళ్ళ పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా ఉండాలి. ఆ రెండూ లేకపోతే మీ మనవరాలు మళ్ళీ అదే మెట్టు మీద ఆగిపోతుంది.

మా 1932 పెళ్ళి ఫొటోలో ఎడమ చివర, పందిరి గుంజ పక్కన ఒకావిడ నిలబడి ఉంది. కాసులపేరు వేసుకుంది, కుడిపైట. మా ఇళ్ళలో కుడిపైట లేదు. ఫొటో తిరగబడిందేమో అనుకోవడానికీ లేదు, ఎందుకంటే మిగతా అందరి పైటా ఎడమవైపే ఉంది. కాబట్టి ఆవిడ మరో కుటుంబం మనిషి, అయినా పెళ్ళివారితో కలిసి ఫొటోకు నిలబడేంత దగ్గర మనిషి. పెళ్ళికూతురు పుట్టింటి వైపు వాళ్ళ మనవలు బాపట్ల దగ్గర ఉన్నారని తెలిసింది. వచ్చే నెలలో ఫొటో పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. ముందుగా అడగబోయేది ఆ కాసులపేరు గురించే.